బీఎల్ఐఎస్సీతో మెడికల్ లైబ్రరీలో నెగ్గుకురాగలరా? కోర్సు రివ్యూ

కాకినాడ, రాజమండ్రి, అమలాపురం, ఏలూరు... డెల్టా చుట్టూ మెడికల్ కాలేజీలకు కొదవ లేదు. వాటి లైబ్రరీల్లో చేరేవాళ్లు చదివొచ్చేది మాత్రం అందరూ చదివే లైబ్రరీ సైన్స్ డిగ్రీ, పీజీ కోర్సులు బీఎల్ఐఎస్సీ, ఎంఎల్ఐఎస్సీలే. పుస్తకాన్ని చూసుకోవడం ఈ చదువు చక్కగా నేర్పుతుంది. డాక్టరు అడిగిన ప్రశ్నకు జవాబు వెతకడం దగ్గరే చేతులెత్తేస్తుంది.

యాక్సెషన్ రిజిస్టరు (కొత్తగా వచ్చిన పుస్తకాల పద్దు), స్టాక్ వెరిఫికేషన్, కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్: వీటికి ఢోకా లేదు.

వర్గీకరణలో తొలి చిక్కు. పుస్తకాలకు సబ్జెక్టును బట్టి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో గుండె జబ్బులు 616.12, గుండె ఆపరేషన్లు 617.412. అంటే కార్డియాలజీ ఒక బీరువాలో, కార్డియాక్ సర్జరీ ఇంకో బీరువాలో. మెడికల్ లైబ్రరీల కోసమే తయారైన ఎన్ఎల్ఎం (అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్) పద్ధతిలో రెండూ గుండె, రక్తనాళాల విభాగమైన డబ్ల్యూజీ కిందకే వస్తాయి. క్లాసులో చేత్తో నంబర్లు వేయించేది ఎక్కువగా డ్యూయీకే.

అసలు లోటు వైద్య పరిశోధన పేపర్లు వెతికే ఆన్‌లైన్ డేటాబేస్ పబ్‌మెడ్ దగ్గర. రక్తపింజర కాటుకి కిడ్నీలు దెబ్బతినడం మీద పీజీ విద్యార్థి థీసిస్ చేస్తున్నాడనుకోండి. పాత పేపర్లలో దాని పేరు 'అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్', కొత్తవాటిలో 'అక్యూట్ కిడ్నీ ఇంజరీ'. కొటేషన్ గుర్తుల మధ్య ఒక్క పేరే కొడితే, పబ్‌మెడ్ తనంతట తాను సమానపదాలు కలుపుకోవడం మానేస్తుంది, రెండో పేరున్న పేపర్లు జారిపోతాయి. ప్రశ్నని పాముకాటు, కిడ్నీ అని రెండు ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకీ మెష్ పదాన్ని (పేపరు ఏ విషయం మీదో చెప్పడానికి ఎన్ఎల్ఎం వాడే ప్రామాణిక పదం), టైటిల్‌లోనూ సారాంశంలోనూ వచ్చే మామూలు పదాలని 'ఆర్'తో (OR, ఏ ఒక్కటి ఉన్నా చాలు) కలిపి బ్రాకెట్లో పెట్టాలి. ఆ తర్వాతే రెండు బ్రాకెట్ల మధ్య 'ఆండ్' (AND, రెండూ ఉండాలి). మెష్ ఒక్కదాన్నే నమ్ముకుంటే, మెష్ పదాలు వేయని పేపర్లన్నీ పోతాయి. 'నాట్' (NOT) ఇంకా ప్రమాదం: పిల్లలు వద్దని కొడితే, పిల్లలూ పెద్దలూ ఇద్దరూ ఉన్న పేపర్లు కూడా ఎగిరిపోతాయి. వాడిన సెర్చ్‌ని తేదీతో సహా దాచి ఇవ్వాలి, థీసిస్‌లో మెథడ్స్ రాసేటప్పుడు అదే కావాలి.

పరీక్షలో 'మెష్ గురించి రాయుము' అంటే రెండు పేజీలు రాయగలిగినవాళ్లు కూడా ఈ బ్రాకెట్ల దగ్గర తడబడతారు. తప్పు వాళ్లది కాదు, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చేయించినవాళ్లు లేరు.

చేరబోయేవాళ్లు ఫీజు కట్టకముందే రెండు అడగండి: పబ్‌మెడ్ మీద ల్యాబ్ ఎన్ని గంటలు? ఇంటర్న్‌షిప్ మెడికల్ కాలేజీ లైబ్రరీలో వేస్తారా? రెండోదానికి లేదంటే, వేసవి సెలవుల్లో దగ్గర్లోని మెడికల్ కాలేజీ లైబ్రేరియన్ గారిని అడిగి, ఒక నెల రిఫరెన్స్ డెస్క్ దగ్గర కూర్చోండి.