యాక్సెస్‌లో ఏప్రిల్-మార్చి లెక్క: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మాది విజయవాడలో వ్యవసాయ మోటార్లు, పంపుసెట్లు, వాటి స్పేర్ పార్టులు అమ్మే హోల్‌సేల్ వ్యాపారం. లెడ్జర్లు, రిటర్నులు ట్యాలీలో నడుస్తాయి. డీలర్ల స్కీములు, వారంటీ మీద వెనక్కి వచ్చిన సరుకు, ఏ ఊళ్లో ఏ నెలలో ఏ మోటారు ఎంత పోయింది లాంటి లెక్కలు మాత్రం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాంలో పెట్టుకున్నాం. 2003 వెర్షన్ నాటి నుంచి ఆ ఫైలు నేనే చూసుకుంటున్నాను. యాక్సెస్ గురించి చెప్పాల్సినవి చాలానే ఉన్నా, ఇక్కడ ఆర్థిక సంవత్సరం లెక్క వరకే రాస్తాను. మన దగ్గర వ్యాపారానికి దీన్ని వాడాలనుకునేవాళ్లకు మొదట అడ్డం వచ్చేది అదే.

ముందు సంగతేంటంటే, యాక్సెస్‌కు ఆర్థిక సంవత్సరం అంటే ఏమిటో తెలియదు. తేదీ ఇచ్చి 'ఇయర్' ఫంక్షన్ వాడితే జనవరి-డిసెంబర్ సంవత్సరమే చెబుతుంది. ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాది కావాలంటే మనమే రాసుకోవాలి. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది (పేర్లు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లీషులోనే):

ఇయర్(డేట్‌యాడ్("ఎం", -3, [బిల్లుతేదీ]))

తేదీని మూడు నెలలు వెనక్కి జరిపి, అప్పుడు సంవత్సరం అడుగుతున్నాం. 2024 మార్చి 31 కాస్తా 2023 డిసెంబర్ 31 అవుతుంది, జవాబు 2023. 2024 ఏప్రిల్ 1 జరిగి 2024 జనవరి 1 అవుతుంది, జవాబు 2024. మే 31ని మూడు నెలలు వెనక్కి జరిపితే ఫిబ్రవరి 31 అనే తేదీ ఉండదు కదా అని కొందరికి అనుమానం. అలాంటప్పుడు డేట్‌యాడ్ ఫిబ్రవరి చివరి రోజు దగ్గర ఆగుతుంది, సంవత్సరం మారదు. ఇదే జరిపిన తేదీని 'డేట్‌పార్ట్'కి ఇచ్చి "క్యూ" అడిగితే ఏప్రిల్-జూన్ మొదటి త్రైమాసికంగా వస్తుంది. ఒక్క ఎత్తుగడతో రెండు పనులు అయిపోతాయి.

ఇంకో కిటుకు కూడా వాడుకలో ఉంది: ఇయర్ విలువకు (నెల < 4) అన్న షరతును కూడేయడం. యాక్సెస్‌లో 'నిజం' విలువ -1 కాబట్టి జనవరి నుంచి మార్చి వరకు ఒక ఏడాది దానంతటదే తగ్గుతుంది. చూడ్డానికి చిన్నగా, ముద్దుగా ఉంటుంది. నేను మాత్రం వద్దంటాను. రేపు డేటాను ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే పెద్ద డేటాబేస్‌కు మార్చాల్సి వస్తే ఇది అక్కడ నడవదు, పైగా మన తర్వాత ఫైలు చూసేవాళ్లకు ఆ మైనస్ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు.

నేను యాక్సెస్‌ను ఇష్టపడేది క్రాస్‌ట్యాబ్ క్వెరీ (డేటాను అడ్డం-నిలువు పట్టికగా తెచ్చే ప్రశ్న) దగ్గర. ఎడమ వైపు సంవత్సరాలు, పైన నెలలు, మధ్యలో అమ్మకాలు. అడ్డంగా ఒక్కో వరుస ఒక్కో ఆర్థిక సంవత్సరం. మా సరుకు వానల మీద, కరెంటు మీద ఆధారపడి కదులుతుంది కాబట్టి ఏ ఏడాది జూన్ ఎలా పోయిందో ఒకదాని కింద ఒకటి పెట్టి చూడటం మాకు చాలా అవసరం. కానీ నెలల పేర్లు పెట్టి మొదటిసారి నడిపితే ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి అంటూ ఇంగ్లీషు అక్షర క్రమంలో వస్తాయి. చాలామంది ఇక్కడే విసుగొచ్చి ఎక్సెల్‌కు వెళ్లిపోతారు. అంత అవసరం లేదు. క్వెరీ ప్రాపర్టీల్లో 'కాలమ్ హెడింగ్స్' అని ఒక గడి ఉంటుంది. అందులో ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలల పొట్టి పేర్లు కోట్స్‌లో, కామాలతో వరుసగా కొడితే అదే వరుసలో నిలబడతాయి. దీంతో ఇంకో లాభం ఉంది. నవంబర్‌లో రిపోర్టు తీసినా డిసెంబర్ నుంచి మార్చి వరకు గడులు ఖాళీగా ఉంటాయే తప్ప మాయమవవు. గడి దొరక్క రిపోర్టు ఎర్రర్ ఇచ్చే బాధ తప్పుతుంది. ఒక్క జాగ్రత్త: పేరులో ఒక అక్షరం తేడా వచ్చినా ఆ నెల అంకెలు రావు, హెచ్చరిక కూడా ఉండదు. టైప్ చేశాక నెలల మొత్తాన్ని ఏడాది మొత్తంతో సరిచూసుకోవాల్సిందే.

తేదీల దగ్గర రెండు గోతులున్నాయి. మొదటిది, ఎస్‌క్యూఎల్‌లో (క్వెరీలు రాసే భాష) హ్యాష్ (#) గుర్తుల మధ్య రాసే తేదీ. కంట్రోల్ ప్యానెల్‌లో మన పద్ధతి పెట్టుకున్నా సరే, అక్కడ యాక్సెస్ ముందు నెల, తర్వాత రోజు అనే చదువుతుంది. 03/04/2016 అని మనం ఏప్రిల్ 3 ఉద్దేశంతో రాస్తే దానికి మార్చి 4. అంటే బిల్లు ఏకంగా నిరుటి ఆర్థిక సంవత్సరంలోకి పోతుంది. 12 దాటిన తేదీల్లో ఆ అంకె నెల కాలేదు కాబట్టి అదే సర్దుకుని సరిగ్గా చదువుతుంది. అందుకే ఇది పట్టుకోవడం కష్టం. నెలలో మొదటి పన్నెండు రోజుల లెక్కలే తారుమారవుతాయి, మిగతావన్నీ కుదిరినట్టే కనిపిస్తాయి. కోడ్‌లో క్వెరీ రాసేటప్పుడు తేదీని ఏడాది-నెల-రోజు వరుసలో ఫార్మాట్ చేసి ఇవ్వడం నాకు అలవాటైపోయింది.

రెండోది 'బిట్వీన్', అంటే ఈ తేదీకీ ఆ తేదీకీ మధ్య అని అడగడం. ఎంట్రీ తేదీకి 'నౌ' (ఈ క్షణం) వాడితే గంటలు, నిమిషాలు కూడా దాంతోపాటు చేరతాయి. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 మధ్య అని అడిగితే మార్చి 31 మొదలయ్యే అర్ధరాత్రి దగ్గరే గీత పడుతుంది. ఆ రోజు పగలంతా కొట్టిన బిల్లులు లెక్కలోకి రావు. టార్గెట్ల కోసం డీలర్లు ఎక్కువగా సరుకు ఎత్తేది ఆ రోజే! తర్వాతి ఏప్రిల్ 1 కంటే తక్కువ అని రాస్తే ఈ టెన్షన్ ఉండదు.

ఇంతవరకు ఫార్ములాతో సరిపోయింది. ఫార్ములా ఒక్కటే చాలదని మాకు తెలిసొచ్చింది 2014లో. జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అంతకుముందు రోజు దాకా ఖమ్మం, కోదాడ, సూర్యాపేట డీలర్లకు పంపిన సరుకు రాష్ట్రంలో అమ్మకం, వ్యాట్. ఆ రోజు నుంచి అదే లారీ, అదే రోడ్డు, అంతర్రాష్ట్ర అమ్మకం: సీఎస్టీ (కేంద్ర అమ్మకపు పన్ను), సి-ఫారాలు (తక్కువ పన్ను కోసం కొన్నవాళ్లు ఇచ్చే పత్రాలు). 2014-15 అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పద్ధతులు. అదీ త్రైమాసికం మధ్యలో తెగింది. పాత ఖమ్మం జిల్లాలోనే ఉన్న కుక్కునూరు, చింతూరు లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి కాబట్టి జిల్లా పేరు చూసి రాష్ట్రం చెప్పడమూ కుదరలేదు. మూడు నెలలు వెనక్కి జరిపే ఫార్ములాకు ఇవేవీ తెలియవు.

అప్పుడు పెట్టుకున్నదే సంవత్సరాల టేబుల్. గడులు కొద్దిగానే: సంవత్సరం పేరు, కాలం (పీరియడ్) నంబరు, మొదలు తేదీ, తర్వాతి కాలం మొదలయ్యే తేదీ, పన్ను పద్ధతి. 2014-15కు రెండు వరుసలు: ఏప్రిల్ 1 నుంచి జూన్ 1 వరకు ఒకటి, జూన్ 2 నుంచి మార్చి 31 వరకు ఇంకొకటి. బిల్లు తేదీ ఏ వరుసలో పడితే ఆ కాలం. ఏడాది మొత్తం కావాలంటే సంవత్సరం పేరు మీద గ్రూప్ చేస్తాం, పన్ను లెక్క కావాలంటే కాలం నంబరు మీద. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు నేను ఒక్క క్వెరీ కూడా మార్చలేదు. టేబుల్‌లో 2017-18ని రెండు వరుసలు చేశాను, అంతే. రిపోర్టులన్నీ వాటంతటవే మూడు నెలల వ్యాట్, తొమ్మిది నెలల జీఎస్టీగా విడిపోయాయి.

బిల్లుల టేబుల్‌ను ఈ టేబుల్‌తో తేదీల మీద కలిపే ఇలాంటి జాయిన్ డిజైన్ వ్యూలో బొమ్మగా కనిపించదు, ఎస్‌క్యూఎల్ వ్యూలోనే రాసుకోవాలి. కొత్తవాళ్లు దీనికి భయపడతారు గానీ, ఒకసారి రాసి సేవ్ చేసుకుంటే మిగతా క్వెరీలన్నీ దాని మీదే కట్టుకోవచ్చు. వేగం కూడా నయమే. ఒక సంవత్సరం బిల్లులు ఏరడానికి తేదీ గడిని ఫార్ములాలో చుట్టేస్తే దాని మీదున్న ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) పనికిరాదు, ప్రతి బిల్లునూ లెక్కగట్టి చూడాలి. ఈ తేదీ నుంచి ఈ తేదీ లోపు అని నేరుగా అడిగితే ఇండెక్స్ ఉపయోగపడుతుంది. బిల్లులు లక్షల్లోకి వెళ్లాక ఈ తేడా కంటికి కనిపిస్తుంది.

బిల్లు నంబర్ల సంగతి. జీఎస్టీ నిబంధన ప్రకారం నంబరు ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. ఊరికి మూడక్షరాల గుర్తు, గీత, 2023-24, గీత, ఐదంకెల నంబరు పెట్టి చూడండి: 17 అవుతుంది! 23-24 అని రాస్తే 15తో సరిపోతుంది. తర్వాతి నంబరును 'డీమాక్స్'తో (ఆ ఏడాది ఇచ్చినవాటిలో అతిపెద్ద నంబరు తెచ్చే ఫంక్షన్) తీసుకోవచ్చు. ఏప్రిల్ 1న మొదటి బిల్లుకు అది ఖాళీ ఇస్తుంది కాబట్టి 'ఎన్‌జెడ్'లో పెట్టి సున్నా చేయాలి. ఇద్దరు ఒకేసారి బిల్లు కొడితే ఇద్దరికీ ఒకే నంబరు వచ్చే వీలుంది. సంవత్సరం, నంబరు రెండూ కలిపి యూనిక్ ఇండెక్స్ పెడితే రెండో బిల్లును టేబులే ఆపుతుంది.

లోపాలు లేవని చెప్పను. ఫైలు 2 జీబీకి మించకూడదు. మ్యాక్‌లో లేదు. ఒకే ఫైలును అందరూ తెరిచేలా పెడితే పాడవుతుంది. డేటా ఒక ఫైలుగా, ఫారాలు, రిపోర్టులు ఎవరి కంప్యూటర్లో వాళ్లకు వేరే ఫైలుగా ఉండాలి, వైఫై మీద నడపకపోవడం మంచిది. డీలర్ల పేర్లు, ఊళ్లు తెలుగులో చక్కగా నిలుస్తాయి. కోడ్ రాసే కిటికీలో మాత్రం తెలుగు ప్రశ్న గుర్తులుగా మారిపోతుంది. తెరమీద తెలుగులో హెచ్చరికలు చూపించాలంటే వాటిని ఒక టేబుల్‌లో పెట్టి అక్కడి నుంచి తెచ్చుకోవాలి. ఐదారుగురు పనిచేసే షాపుకు, లెక్క మీద ఇష్టం ఉన్న మనిషి ఒకరున్న చోటుకు ఇది ఇప్పటికీ గట్టి సాధనమే. బ్రాంచీలు నాలుగు ఊళ్లలో ఉంటే వేరే దారి చూసుకోండి.

ఇప్పుడు ఇదే టేబుల్‌కు కొత్త గడి ఒకటి చేర్చాను. ఆదాయపు పన్నులో ఇన్నాళ్లూ 2023-24 ఆదాయానికి 2024-25 మదింపు సంవత్సరం (అసెస్‌మెంట్ ఇయర్, ఆ ఆదాయాన్ని లెక్కగట్టే మరుసటి ఏడాది). 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో ఈ జంట పోయి 'ట్యాక్స్ ఇయర్' ఒక్కటే ఉంటుంది. అంటే 2025-26 ఆదాయానికి పాత పద్ధతిలో మదింపు సంవత్సరం 2026-27, మరుసటి ఏడాది ఆదాయానికి ట్యాక్స్ ఇయర్ కూడా 2026-27. ఒకే పేరు, రెండు వేర్వేరు ఏడాదుల ఆదాయం. ఆడిటర్ గారికి పంపే రిపోర్టుల్లో మదింపు సంవత్సరాన్ని ఫార్ములాతో ఒకటి కలిపి తెచ్చుకుంటున్నవాళ్లు ఆ గడిని ఇప్పుడే టేబుల్‌లోకి మార్చుకోండి. మదింపు సంవత్సరానికి ఒక గడి, ట్యాక్స్ ఇయర్‌కు వేరే గడి పెట్టి, వర్తించని దాన్ని ఖాళీగా వదిలేయండి.