మైనం పెయింటింగ్ అని నమ్మి 900 షెకెల్స్ పోగొట్టుకున్నా, మీరు కొనకండి

పేరు రాయను. టెల్ అవీవ్ బస్ స్టేషన్ దగ్గర ఆలివ్ చెక్క సామాన్లు, ఇంటికి పంపే గిఫ్టులు అమ్ముతాడు చూడండి, ఇజ్రాయెల్‌లోని మన తెలుగువాళ్ళ గ్రూపులన్నిట్లో రోజుకు రెండు పోస్టులు పెడతాడు, ఆయనే. మీలో సగం మందికి ఇప్పటికే అర్థమై ఉంటుంది.

నేను కేర్‌గివర్‌గా చూసుకునే సవ్తాకు (హీబ్రూలో అమ్మమ్మ, నాయనమ్మ) ఈ నెల 86 నిండాయి. రామత్ గన్‌లో ఆరేళ్ళుగా ఆమె ఇంట్లోనే ఉంటున్నా. ఎప్పుడూ కేకూ పూలేనా, ఈసారి ఆమె మురిసిపోయేది ఏదైనా ఇద్దామని బుద్ధి పుట్టింది. సరిగ్గా అప్పుడే ఈయన పోస్టు. క్రీ.శ. 70లో జెరూసలేం ఆలయాన్ని కూల్చి రోమన్లు మెనోరా (ఆలయంలోని కొమ్మల దీపస్తంభం) మోసుకెళ్తున్న దృశ్యం. రోమ్‌లో టైటస్ కమాను మీద చెక్కి ఉంటుందే, అదే. ‘ఒరిజినల్ ఎన్‌కాస్టిక్, చేతిపని, ఒక్కటే పీస్’ అని రాశాడు. ఎన్‌కాస్టిక్ అంటే కరిగించిన మైనంతో వేసే బొమ్మ.

ఫోన్ చేస్తే అరగంట క్లాసు పీకాడు. తేనెమైనంలో డామర్ కలిపి కరిగిస్తారట (మన రోడ్డు డాంబర్ కాదు, చెట్టు బంక). రంగుపొడి వేసి వేడి మీదే చెక్కకు పూస్తారట. ప్రతి పొరనూ మళ్ళీ వేడి చేసి కింది పొరకు అతికిస్తారట. ఈజిప్టులో ఫయూమ్ మమ్మీల మీది ముఖాలు చాలావరకు ఇలా మైనంతో వేసినవేనట, దాదాపు 2000 ఏళ్ళైనా కళ్ళు నిన్న గీసినట్టే ఉంటాయట. ఇదంతా తర్వాత చూసుకున్నా, నిజమే. ఆయన నాకిచ్చింది మాత్రం అది కాదు.

900 షెకెల్స్ క్యాష్. మనవాడే కదా అని రసీదు కూడా అడగలేదు.

సవ్తా కవరు విప్పి ముందు చేత్తో తడిమింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత వేలితో కొమ్మలు లెక్కపెట్టింది. తొమ్మిది! "రోమన్లు ఎత్తుకెళ్ళింది హనుక్కా దీపమా?" అని నవ్వింది. ఆలయం మెనోరాకు ఏడే కొమ్మలు. తొమ్మిది ఉండేది యూదుల దీపాల పండుగ హనుక్కాకు వెలిగించే హనుకియాకు, ఎనిమిది రాత్రులకు ఎనిమిది, వాటిని వెలిగించే షమాష్ ఒకటి. ఆరు చలికాలాలుగా ఆ కొవ్వొత్తులు పెడుతున్నది ఎవరు? నేనే. నా తెలివికి దండం పెట్టుకోవాలి.

ఆమె పేపర్ చదువుకునే భూతద్దం పెట్టి చూస్తే రంగు నిండా నీలం, గులాబీ, పసుపు చుక్కలు. ప్రింటు! దాని మీద కొవ్వొత్తి మైనం పోశాడు, అంతే. మూలన గోటితో గీకితే పాల మీగడలా లేచొచ్చింది. కింద కాగితం, దాని కింద అట్ట. ఫోటో మీద మైనం పొయ్యడం కూడా ఒక పద్ధతే, ఆర్టిస్టులు చేస్తారు. ఆ మాట చెప్పి వందకు అమ్మి ఉంటే నాకేం బాధ లేదు.

ఫోన్ చేశా. "ఎండల పెట్టినవా అన్నా?" అన్నాడు. తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి, మా హాల్లో ఏసీ 24. అయినా ఎండకు మైనం కరుగుతుందేమో గానీ రెండు కొమ్మలు కొత్తగా మొలుస్తాయా? "ఏడైనా తొమ్మిదైనా ముసలామెకు ఏం కనిపిస్తది" అన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మన్నా.

"డైపర్లు మార్చేటోనికి ఆర్ట్ ఎందుకన్నా?"

కట్ చేశాడు. ఆయన ఈ దేశానికి వచ్చింది ఏ వీసా మీదో తెలుసా? ఇదే కేర్‌గివర్ వీసా. హోలోన్‌లో ఒక తాతకు నాలుగేళ్ళు చేశానని బేరం కుదిరేటప్పుడు ఆయనే చెప్పాడు, నేను కరిగిపోయింది కూడా ఆ మాటకే. ఇప్పుడు ఈ డైపర్ల మాట అన్నప్పుడు నేను ఒక చేత్తో సవ్తాను పట్టుకుని బాత్రూమ్‌కు నడిపిస్తున్నా. ఆమెకు తెలుగు రాదు. నా ముఖం చూసి ఎవరని అడిగింది. రాంగ్ నంబర్ అన్నా.

డబ్బు పోతే పోయింది, నెలా రెండు నెలల్లో సర్దుకుంటా. ఆ మాట దిగడం లేదు. బొమ్మ పారేస్తానంటే సవ్తా ఒప్పుకోవట్లేదు. వంటింటి తలుపు పక్కన తగిలించి, వచ్చిన ప్రతివాళ్ళ చేత కొమ్మలు లెక్కపెట్టిస్తోంది.

ఎవరైనా ఇలాంటివి కొనాలనుకుంటే భూతద్దం పట్టుకెళ్ళండి, చుక్కలు కనిపిస్తే వదిలేయండి. వాసన చూడండి, పక్క అంచులు చూడండి. క్యాష్ ఇవ్వకండి.

ఇవాళ పొద్దున మళ్ళీ పోస్టు పెట్టాడు. ఈసారి మసాదా కోట. ఒక్కటే పీస్, 1,200 అట.