వారసుడా, తోడు నిలిచే ఆటగాడా: 2020 డ్రాఫ్ట్‌లో గ్రీన్ బే ముందున్న దారుల్లో ఏది మేలు?

2020 ఏప్రిల్ 23 రాత్రి, లాస్ వేగాస్‌లో జరగవలసిన ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ కరోనా వల్ల ఎవరింటి నుంచి వారు వీడియోలో పాల్గొనే పద్ధతికి మారిన ఆ రోజున, గ్రీన్ బే ప్యాకర్స్ జనరల్ మేనేజర్ బ్రయన్ గూటెకున్స్ట్ తన 30వ ఎంపికతో పాటు నాలుగో రౌండ్‌లోని 136వ ఎంపికను కూడా మయామీకి ఇచ్చి 26వ స్థానానికి జరిగాడు. అక్కడ యూటా స్టేట్ విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) జోర్డన్ లవ్‌ను తీసుకున్నాడు. అప్పటికే ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్‌గా ఆరన్ రాడ్జర్స్ ఉన్నాడు. అతని వయసు 36 ఏళ్లు. 2018లో 13.4 కోట్ల డాలర్లకు పొడిగించిన అతని ఒప్పందం 2023 దాకా నడవవలసి ఉంది. అంతకు ముందు సీజన్‌లో జట్టు 13 గెలుపులు, 3 ఓటములతో, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయింది. అలాంటి జట్టు మొదటి రౌండ్ ఎంపికను, ఆ ఏడాది మైదానంలోకే దిగని కుర్రవాడి మీద పెట్టడం సబబేనా అన్న ప్రశ్న ఆ రాత్రే మొదలైంది. ఇప్పుడు ఫలితాలన్నీ కళ్ల ముందు ఉన్నాయి కాబట్టి దానిని నెమ్మదిగా తూచి చూడవచ్చు.

ఐపీఎల్ వేలం చూసిన మనవాళ్లకు డ్రాఫ్ట్ కొంత కొత్తగా అనిపిస్తుంది. అక్కడ డబ్బుతో పోటీ పడేది లేదు. గత సీజన్‌లో వెనుకబడిన జట్టు ముందుగా, గెలిచిన జట్టు చివరగా, 32 జట్లు వరుసలో నిలిచి ఏడు రౌండ్లలో కళాశాల ఆటగాళ్లను ఎంచుకుంటాయి. కొత్త ఆటగాడి జీతం అతను ఎంపికైన స్థానాన్ని బట్టి దాదాపు ముందే ఖరారైపోతుంది. అందువల్ల జట్టు అసలు ఖర్చు పెట్టేది తన స్థానాన్నే. ఒక స్థానంలో ఒకరిని తీసుకుంటే, ఆ స్థానంలో దొరికే మిగతా వారందరినీ వదులుకున్నట్టే. లవ్‌ను ఎంచుకోవడం మేలా కాదా అని అడగడమంటే, అతని బదులు ఎవరు వచ్చేవారు, వచ్చి ఏమి చేసేవారు అని అడగడమే.

గ్రీన్ బేకు ఆ రాత్రి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మొదటిది, రాడ్జర్స్ చేతిలో సత్తువ ఉన్నంతలోనే అతను విసిరే బంతిని పట్టుకునే ఒక మంచి రిసీవర్‌ను తోడుగా తేవడం. రెండవది, ఏదో ఒకనాడు తప్పక రాబోయే అతని నిష్క్రమణకు ఇప్పుడే వారసుణ్ణి సిద్ధం చేసుకోవడం. మూడో దారి కూడా ఉందని, దాని గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదని నా అభిప్రాయం. అది రక్షణ దళం. 2020 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో 37-20తో ఓడిన ఆ సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో, ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ జిమ్మీ గరోపోలో మొత్తం మీద ఎనిమిది సార్లు మాత్రమే బంతి విసిరాడు. రహీం మోస్టర్ట్ ఒక్కడే బంతి పట్టుకుని 220 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించడం) చేశాడు. ఆ పరుగును ఆపలేకపోవడమే అసలు లోటు. ఎంత గొప్ప రిసీవర్ ఉన్నా ఆ సాయంత్రం ప్యాకర్స్‌ను కాపాడేవాడు కాదు.

అయినా రిసీవర్ వాదం బలమైనదే. ఆ ఏడాది రిసీవర్ల పంట బాగా పండింది. మొదటి రౌండ్‌లోనే ఆరుగురు వెళ్లారు. మిన్నెసోటా 22వ స్థానంలో తీసుకున్న జస్టిన్ జెఫర్సన్ తర్వాతి కాలంలో లీగ్‌లోనే మేటిగా నిలిచాడు. 25వ స్థానంలో బ్రాండన్ అయ్యూక్ వెళ్లిపోయిన మరుక్షణమే ప్యాకర్స్ వంతు వచ్చింది. అప్పటికీ టీ హిగిన్స్, మైకేల్ పిట్‌మన్ మిగిలే ఉన్నారు. వారు వరుసగా 33, 34 స్థానాల్లో సిన్సినాటి, ఇండియానాపొలిస్ జట్లకు వెళ్లారు. హిగిన్స్ పట్టిన బంతులతో మొదటి ఏడాదే 908 గజాలు, రెండో ఏడాది 1,091 గజాలు సాధించి, ఆ రెండో ఏడాది తన జట్టుతో పాటు సూపర్ బౌల్ ఆడాడు. పిట్‌మన్ కూడా 2021లో వెయ్యి గజాలు దాటాడు. వీరిలో ఎవరినైనా తీసుకోవడానికి స్థానం మారవలసిన పని కూడా లేదు, 30లోనే కూర్చుంటే సరిపోయేది.

గ్రీన్ బే చేతిలో అప్పుడున్న రిసీవర్లను చూస్తే ఈ వాదం ఇంకా బరువెక్కుతుంది. దావాంతే ఆడమ్స్ తర్వాత చెప్పుకోదగ్గ వారు 2018లో ఐదో రౌండ్‌లో వచ్చిన మార్కెస్ వాల్డెస్-స్కాంట్‌లింగ్, డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని అలెన్ లజార్డ్. కొత్తగా ఒప్పందం చేసుకున్న డెవిన్ ఫంచెస్ కరోనా భయంతో ఆ ఏడాది ఆటకు దూరంగా ఉండిపోయాడు. మొత్తం తొమ్మిది మంది కొత్త ఆటగాళ్లను తీసుకున్న ఆ డ్రాఫ్ట్‌లో ప్యాకర్స్ ఒక్క రిసీవర్‌ను కూడా తీసుకోలేదు. రెండో రౌండ్‌లో బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఏజే డిల్లన్, మూడో రౌండ్‌లో ప్రత్యర్థులను అడ్డుకోవడం, పాసులు పట్టడం రెండూ చేసే టైట్ ఎండ్ జొసాయా డెగ్వారా వచ్చారు.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. 2020లో ఆ జట్టే లీగ్ మొత్తంలో అత్యధికంగా 509 పాయింట్లు చేసింది. రాడ్జర్స్ 48 టచ్‌డౌన్ పాసులు విసిరి, ఐదు మాత్రమే ప్రత్యర్థుల చేతికిచ్చి, లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఆడమ్స్ 18 టచ్‌డౌన్లు పట్టాడు. పళ్లెం నిండుగా ఉన్న ఇంట్లో ఇంకొక కూర లేదని బాధపడినట్టు, ఆ సీజన్‌కు రిసీవర్ లేడన్న ఫిర్యాదు నిలబడదు. 2021 జనవరిలో తన సొంత లాంబో మైదానంలో టాంపా బే చేతిలో 31-26తో ఓడినప్పుడు కూడా, ఎడమ అంచున రాడ్జర్స్‌ను కాచే డేవిడ్ బక్తియారీ మోకాలి గాయంతో లేడు, రాడ్జర్స్ ఐదు సార్లు నేలకూలాడు. చివరి రెండు నిమిషాలకు కాస్త ముందు, ఎనిమిది పాయింట్ల వెనుకబాటులో, గోల్ గీతకు ఎనిమిది గజాల దూరంలో ఉండగా కోచ్ మాట్ లఫ్లూర్ టచ్‌డౌన్‌కు ప్రయత్నించకుండా మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొట్టించడం మీద చర్చ ఇప్పటికీ ఆగలేదు. ఆ ఓటమిలో రిసీవర్ లోటు వాటా చిన్నదే.

తరువాతి ఏడాది లెక్క వేరు. 2022 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోతో 13-10తో ఓడిన మ్యాచ్‌లో రాడ్జర్స్ పూర్తి చేసిన 20 పాసుల్లో తొమ్మిది ఆడమ్స్‌కు, తొమ్మిది రన్నింగ్ బ్యాక్ ఆరన్ జోన్స్‌కు వెళ్లాయి. మిగతా జట్టంతటికీ దక్కినవి రెండు. ఆ చలిలో, ఆ మూడు పాయింట్ల తేడాలో, హిగిన్స్ లాంటి మూడో చేయి ఉండి ఉంటే ఫలితం మారేదని అనుకోవడం అత్యాశ కాదు. బంతిని వదులుకుంటూ దూరంగా తన్నే పంట్ కిక్కును ప్రత్యర్థులు అడ్డుకుని టచ్‌డౌన్‌గా మార్చుకోవడం కూడా ఆ ఓటమికి పెద్ద కారణమే అయినా, దాడి దళం కేవలం పది పాయింట్లకు పరిమితమైన రాత్రి నిందనంతా కిక్కు మీదికి నెట్టడం న్యాయం కాదు. రిసీవర్ వైపు త్రాసులో అన్నిటికంటే బరువైన రాయి ఈ మ్యాచే.

ఇప్పుడు రెండో వైపు. గ్రీన్ బే లక్ష మందికి అటూ ఇటూగా ఉండే చిన్న ఊరు. ఆ జట్టుకు ఒక్క యజమాని అంటూ ఉండడు, అభిమానులే వాటాదారులు. ఈ ఏడాదే కప్పు కావాలని మేనేజర్ మెడ మీద కూర్చునే ధనవంతుడు లేకపోవడం వల్ల, పదేళ్ల ముందుచూపుతో నిర్ణయం తీసుకునే వెసులుబాటు అక్కడ ఎక్కువ. 1992లో అట్లాంటా నుంచి మొదటి రౌండ్ ఎంపిక ఇచ్చి తెచ్చుకున్న బ్రెట్ ఫావ్ర్ 2007 దాకా ఆడాడు. 2005లో 24వ స్థానంలో రాడ్జర్స్‌ను తీసుకుని మూడేళ్లు అతని వెనుక కూర్చోబెట్టారు. 2008లో ఫావ్ర్‌ను న్యూయార్క్ జెట్స్‌కు పంపి రాడ్జర్స్‌కు పగ్గాలిచ్చారు. అతను 2011 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి చూపించాడు. ముప్పై ఏళ్ల పాటు ఒక జట్టు దాదాపు ఇద్దరే క్వార్టర్‌బ్యాక్‌లతో నడిచింది. ఆ ఆటలో సరైన క్వార్టర్‌బ్యాక్ దొరక్క పదేసి ఏళ్లు తిప్పలు పడే జట్లు ఎన్నో ఉన్నాయి కనుక, ఇల్లు అంటుకున్నాక బావి తవ్వడం మొదలుపెట్టకూడదన్న జాగ్రత్త ప్యాకర్స్‌కు అనుభవం నేర్పినదే.

లవ్‌ను తీసుకోవడంలో ప్రమాదం లేదని మాత్రం చెప్పలేము. కళాశాలలో 2018లో 32 టచ్‌డౌన్లకు ఆరు తప్పుడు పాసులే (ప్రత్యర్థుల చేతికి చిక్కినవి) వేసిన అతను, 2019లో 20 టచ్‌డౌన్లకు 17 తప్పుడు పాసులు వేశాడు. జట్టులో అతనికి చోటు ఇవ్వడానికి కూడా ఖర్చు ఉంది. 53 మంది జాబితాలో మ్యాచ్ రోజున దుస్తులు వేసుకునేది గరిష్ఠంగా 48 మంది. 2020 మొత్తం లవ్ ఆ 48 మందిలో లేడు, టిమ్ బాయిల్ తర్వాత మూడోవాడిగానే గడిపాడు. డ్రాఫ్ట్‌లో వచ్చిన ఆటగాడిలో జట్టుకు కలిసివచ్చేది అతని చవక ఒప్పందమే. లవ్‌కు నాలుగేళ్లకు కలిపి దాదాపు 1.24 కోట్ల డాలర్లు. ఆ నాలుగేళ్లలో మూడు బెంచీ మీద కరిగిపోతే, ఆ చవకతనం సగానికి పైగా వృథా అయినట్టే. 2021 నవంబరులో రాడ్జర్స్‌కు కరోనా సోకి లవ్ మొదటిసారి కాన్సస్ సిటీలో ఆరంభించిన మ్యాచ్ 13-7తో ఓడిపోయింది. ఆ రోజు ఎవరైనా తీర్పు అడిగి ఉంటే, మొదటి దారే మేలని దాదాపు అందరూ అనేవారు.

తీర్పు మారింది 2023లో. ఆ ఏప్రిల్‌లో రాడ్జర్స్ జెట్స్‌కు వెళ్లాడు. ప్రతిగా ప్యాకర్స్ 15 నుంచి 13కు జరిగి, 42వ, 207వ ఎంపికలతో పాటు 2024లో మరొక రెండో రౌండ్ ఎంపిక పొందారు. రాడ్జర్స్ ఆ సీజన్‌లో 65 శాతం స్నాప్‌ల్లో (బంతి ఆటలోకి వచ్చే ప్రతి సారి ఒక స్నాప్) పాల్గొంటే అది మొదటి రౌండ్ అయ్యేది కానీ, నాలుగో స్నాప్‌కే అతని మడమ నరం తెగిపోయింది. అప్పుడు ప్యాకర్స్ రాడ్జర్స్ ఒప్పందం మిగిల్చిన 4.03 కోట్ల డాలర్ల భారాన్ని తమ జీతాల పరిమితిలో మోస్తూ, ఇంచుమించు కుర్రవాళ్లతోనే జట్టు కట్టవలసి వచ్చింది. లవ్ ఆ ఏడాది 4,159 గజాలు, 32 టచ్‌డౌన్లు సాధించి, నాకౌట్ దశ అయిన ప్లేఆఫ్స్‌లో డాలస్‌ను దాని సొంత మైదానంలో 48-32తో ఓడించాడు. మరుసటి వారం శాన్ ఫ్రాన్సిస్కోతో 24-21తో ఓడిన మ్యాచ్‌లో 41 గజాల ఫీల్డ్ గోల్ తప్పిన ఆండర్స్ కార్ల్‌సన్, రాడ్జర్స్ ట్రేడ్‌లో వచ్చిన ఆ 207వ ఎంపికతో తీసుకున్న వాడే. 2024 జులైలో లవ్‌కు నాలుగేళ్లకు 22 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది.

ఒకే దారి అందరికీ ఒకేలా పనిచేయదనడానికి అట్లాంటాను పక్కన పెట్టి చూడాలి. 2024 మార్చిలో అట్లాంటా ఫాల్కన్స్ క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు 18 కోట్ల డాలర్లకు, అందులో 10 కోట్లకు హామీ ఇచ్చి, ఒప్పందం చేసుకుంది. ఏడు వారాలు తిరగకముందే డ్రాఫ్ట్‌లో 8వ స్థానంలో మరో క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్‌ను తీసుకుంది. కజిన్స్ 14 మ్యాచ్‌లు ఆడి 18 టచ్‌డౌన్లకు 16 తప్పుడు పాసులు వేసి డిసెంబరులో బెంచీ ఎక్కాడు. జట్టు 8-9తో ముగించింది. పైకి ఇదీ వారసుడి పథకమే. గ్రీన్ బే మొదటి రౌండ్ చివరలో దొరికిన వాడిని తీసుకుని, రాడ్జర్స్ వెళ్లే దాకా ఆగింది. అట్లాంటా రెండు ఖరీదైన నిర్ణయాలను ఒకే వసంతంలో, ఒకదాని ప్రయోజనాన్ని ఒకటి తినేసేలా చేసింది. ఎనిమిదో స్థానంలో అప్పటికప్పుడు ఆడగల రక్షణ ఆటగాణ్ణి తెచ్చుకునే అవకాశం కూడా అలాగే పోయింది.

నా తీర్పు లవ్ వైపే. హిగిన్స్ వచ్చి ఉంటే 2021 సీజన్‌లో కప్పు అందే అవకాశం కొంత పెరిగేది, కానీ ఆడమ్స్ 2022లో లాస్ వేగాస్‌కు, రాడ్జర్స్ 2023లో న్యూయార్క్‌కు ఎలాగూ వెళ్లిపోయాక, బంతి విసిరే చేయి లేని జట్టులో ఆ రిసీవర్ ఒంటరిగా మిగిలేవాడు. అయితే అదే రాత్రి తప్పు అసలు జరగలేదని నేను అనను. తప్పు 136వ ఎంపికలో ఉంది. నాలుగు స్థానాలు ముందుకు జరగడానికి వదులుకున్న ఆ స్థానంలో డార్నెల్ మూనీ దొరికేవాడు. షికాగో అతన్ని ఐదో రౌండ్‌లో 173వ స్థానంలో తీసుకుంది, 2021లో అతను 1,055 గజాలు సాధించాడు. వారసుడి వంతూ, తోడు ఆటగాడి వంతూ ఒకే డ్రాఫ్ట్‌లో తీరే వీలు ఉండగా, రెండోదాన్ని మేనేజర్ ఖాళీగా వదిలేశాడు. 2021లో మూడో రౌండ్‌లో అమారీ రాడ్జర్స్‌ను తెచ్చి ఆ ఖాళీ పూడ్చబోయారు కానీ, అతను రెండు సీజన్లు కూడా నిలవలేదు. ఇక రాడ్జర్స్‌తో నడిపిన వ్యవహారం మరో లోటు. 2021 డ్రాఫ్ట్ రోజున అతను తిరిగి రానంటున్నాడన్న వార్త బయటికొచ్చింది. జట్టు నిర్ణయాల్లో తన మాటకు చోటు లేకపోవడమే తన బాధ అని ఆ జులైలో తిరిగి వచ్చాక అతనే చెప్పాడు. పదిహేనేళ్లు ఇంటిని నిలబెట్టిన మనిషికి, ఇంట్లోకి కొత్తవాడు వస్తున్నాడని ముందుగా ఒక మాట చెప్పడానికి డ్రాఫ్ట్ ఎంపికేమీ ఖర్చయ్యేది కాదు.

లవ్‌కు తోడైన రిసీవర్లు కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగ్గవారే. క్రిస్టియన్ వాట్సన్, జేడెన్ రీడ్ రెండో రౌండ్‌లో, రోమియో డౌబ్స్ నాలుగో రౌండ్‌లో, డాంటేవియన్ విక్స్ ఐదో రౌండ్‌లో వచ్చారు. 2020లో చేయనిది 2022, 2023లలో గూటెకున్స్ట్ చేశాడు. 2025లో డ్రాఫ్ట్ గ్రీన్ బేలోనే జరిగింది. ఆ రాత్రి 23వ స్థానంలో మాథ్యూ గోల్డెన్ పేరు పిలిచినప్పుడు, 2002 తర్వాత మొదటి రౌండ్‌లో ప్యాకర్స్ తీసుకున్న మొదటి రిసీవర్‌ను ఆ ఊరి జనం హోరెత్తి ఆహ్వానించారు.