కాంటూర్‌కు మూడు మిల్లీమీటర్లు: కొండ పరుగులో ‘ఎనిమిది రెట్ల’ లెక్క, చాలాకాలం వాడాక

మ్యాప్, కంపాస్‌లతో దారి వెతుక్కునే కొండ పరుగుల్లో, ఎక్కి దాటాలా చుట్టూ తిరగాలా అని తేల్చే ఈ లెక్కలో నాకు బాగా నచ్చింది ఒక్కటే. పరిగెడుతూనే చెయ్యొచ్చు.

ఎక్కే ప్రతి మీటరూ చదును నేలమీద ఎనిమిది మీటర్లతో సమానమన్న సంగతి ఇంగ్లండ్ లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఫెల్ రేసులు పరిగెత్తేవాళ్లకు చెప్పక్కర్లేదు. స్కాట్లండ్ పర్వతారోహకుడు నైస్మిత్ 1892లో నడకకు చెప్పిన సూత్రం నుంచి (గంటకు మూడు మైళ్లు, ప్రతి 2,000 అడుగుల ఎత్తుకు ఇంకో గంట; మూడు మైళ్లను 2,000 అడుగులతో భాగిస్తే) 7.92 వస్తుంది. ఫిల్ స్కార్ఫ్ 2007లో ఫెల్ రేసుల రికార్డు సమయాలు పరిశీలించి, పరుగుకూ దాదాపు అంతే సరిపోతుందని తేల్చాడు. అంతవరకూ బాగానే ఉంది. కానీ అక్టోబర్ చివరి వానలో, వేళ్లు కొంకర్లు పోతుంటే, మీటర్లను ఎనిమిదితో హెచ్చవేసే ఓపిక ఎవరికుంటుంది?

హార్వే సంస్థ వేసే 1:40,000 మ్యాప్ మీద ఆ హెచ్చవేత అక్కర్లేదు. కాంటూర్ల (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల) మధ్య ఎత్తు తేడా 15 మీటర్లు, దానికి ఎనిమిది రెట్లు 120 మీటర్లు. ఈ స్కేలులో మిల్లీమీటరంటే 40 మీటర్లు. కాబట్టి ఎక్కే ఒక్కో గీతకు మూడు మిల్లీమీటర్లు. ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది, లావు గీత నుంచి లావు గీతకు 15 మి.మీ. కంపాస్ అంచు మీదున్న స్కేలుతో దూరం కొలిచి, ఎక్కే గీతలు లెక్కపెట్టి, మూడేసి చొప్పున కలిపితే సరి. దిగే గీతలు వదిలెయ్యాలి.

ఒక లెగ్, అంటే ఒక కంట్రోల్ (మ్యాప్‌మీద గుర్తుపెట్టిన చెక్‌పాయింట్) నుంచి ఇంకో కంట్రోల్ దాకా ఉన్న భాగం, చూద్దాం. కంట్రోల్ నుంచి కంట్రోల్‌కు తిన్నగా 50 మి.మీ., మధ్యలో పది గీతల ఎక్కుడు: 50, 30 కలిపి 80. చుట్టూ తిరిగితే 68 మి.మీ., మూడు గీతలు: 77. తేడా మూడు మి.మీ., అంటే 120 మీటర్లు. ఇంత చిన్న తేడాను నేను తేడాగా లెక్కించను. రెండు దార్ల మధ్య పదో వంతు కూడా తేడా లేకపోతే లెక్క పక్కనపెట్టి, కంట్రోల్ దగ్గరికి చేరే చివరి 200 మీటర్లు ఏ దారిలో తేలికో చూసుకోవాలి. గోడ మూలో, వాగులు కలిసే చోటో ఉన్న దారి పొగమంచులో ఐదు నిమిషాలు మిగులుస్తుంది. స్కోర్ కోర్సుల్లో (ఏ కంట్రోళ్లకు వెళ్లాలో మనమే ఎంచుకుని, గడువులోగా పాయింట్లు పోగేసే పోటీల్లో) ఇంకో సౌకర్యం ఉంది: కంట్రోల్‌కిచ్చే పాయింట్లను దానికయ్యే అదనపు మిల్లీమీటర్లతో భాగిస్తే ఏది వదిలెయ్యాలో తెలిసిపోతుంది.

బ్రిటన్ మ్యాప్ సంస్థ ఆర్డినెన్స్ సర్వే 1:25,000 మ్యాప్ మీద కాంటూర్ తేడా పది మీటర్లయితే గీతకు 3.2 మి.మీ., దాదాపు అదే అలవాటు పనికొస్తుంది. వాళ్ల 1:50,000లో గీతకు 1.6 మాత్రమే. గీతలు ఒకదాన్నొకటి రాసుకుపోతాయి, పరుగులో లెక్కపెట్టడం వల్లకాదు.

ఇక ఈ లెక్క ఎక్కడ దెబ్బతీస్తుందో చెప్పాలి. దెబ్బతీసేది ఎక్కుడులో కాదు, చుట్టూ తిరిగే దారిలో.

దారికి అడ్డంగా కొండ మొన ఒకటి పొడుచుకొచ్చింది, నాలుగు గీతల ఎత్తు అనుకుందాం. దాటితే 12 మి.మీ. ఖర్చు. అదే ఎత్తు పట్టుకుని మొన చుట్టూ తిరిగితే అదనంగా తొమ్మిదే అని స్కేలు చెబుతుంది. మూడు మి.మీ. లాభమే కదా అని అటు తిరుగుతారు. నేలమీద జరిగేది వేరు. ఆ వాలులో వాగులు మూడు లోపలికి కోసుకుపోయి ఉంటాయి. గీత వెంటే వెళ్తే ఒక్కో వాగు దగ్గర లోపలికి పోయి మళ్లీ బయటికి రావాలి. స్కేలు అంచు ఆ వంపులమీదుగా తిన్నగా దాటేస్తుంది. వాగుకు రెండు మి.మీ. వేసుకున్నా ఆరు పెరిగాయి.

అంతకంటే చెడ్డది జారుడు. అడ్డవాలులో ఎవరూ ఎత్తు నిలుపుకోలేరు. కింది కాలు ప్రతి అడుగుకీ కాస్త జారుతుంది. బండరాయి అడ్డొస్తే కిందినుంచే చుట్టి వెళ్తాం. గొర్రెలు తొక్కిన బాట హాయిగా కనిపిస్తుంది గానీ చాలాసార్లు మెల్లగా కిందికే తీసుకుపోతుంది. కిలోమీటరు దాటేసరికి రెండు గీతలు పోగొట్టుకోవడం మామూలే. అవి తిరిగి ఎక్కాలి, ఇంకో ఆరు. మొత్తం 21 మి.మీ. దాటివెళ్తే పన్నెండే. పోయిన తొమ్మిది మి.మీ. అంటే 360 మీటర్లు, కిలోమీటరు ఏడు నిమిషాల్లో వెళ్లేవాళ్లకు రెండున్నర నిమిషాలు. గడ్డి దుబ్బుల్లో మడమలు పడే కష్టం ఇందులో చేరలేదు.

దీనికి విరుగుడు ఉంది. అడ్డవాలును స్కేలుతో కొలవొద్దు. కంపాస్ తాడుమీద 15 మి.మీ.కొక గుర్తు పెట్టుకుని, తాడును గీత వంపుల వెంటే పరిచి కొలవాలి. బాటగానీ గోడగానీ లేని చోట వచ్చినదానికి నాలుగో వంతు కలుపుతాను. కావాల్సిన ఎత్తుకంటే ఒక గీత పైనుంచి మొదలుపెట్టి, వాగు దాటిన ప్రతిసారీ ఎత్తు సరిచూసుకోవాలి. ఇవన్నీ చేశాక కూడా చుట్టుదారి నెగ్గితే అది నిజంగా మంచి దారే.

పైన ‘దిగే గీతలు వదిలెయ్యాలి’ అన్నాను. అది కూడా సగమే నిజం. నైస్మిత్ నడక సూత్రానికి లాంగ్‌మ్యూర్ చేసిన సవరణ ప్రకారం 5 నుంచి 12 డిగ్రీల వాలులో దిగితే ప్రతి 300 మీటర్లకు పది నిమిషాలు తగ్గించాలి, 12 దాటితే పది నిమిషాలు కలపాలి. 1:40,000 మీద గీతల ఎడం 4.3 మి.మీ. ఉంటే 5 డిగ్రీలు, 1.75 అయితే 12, ఒక మిల్లీమీటరైతే 20. మంచి గడ్డిమీద 20 డిగ్రీల వరకూ పరుగు సాగుతుంది కాబట్టి నడక హద్దులు మనకు యథాతథంగా పనికిరావు. కానీ హార్వే మ్యాప్‌లో రాతినేల మీద కాంటూర్లు గోధుమరంగు మాని బూడిదరంగులోకి మారతాయి. బూడిద గీతలు దగ్గర దగ్గరగా ఉన్న దిగుడుకు నేను ఎక్కుడులో సగం ఖర్చు వేస్తాను.

రంగు పట్టించుకోకపోతే ఏమవుతుందో బాబ్ గ్రాహమ్ రౌండ్‌లో (లేక్ డిస్ట్రిక్ట్ శిఖరాలను ఒక్క రోజులో చుట్టే పరుగు) స్కాఫెల్ పైక్ (978 మీ.) నుంచి స్కాఫెల్ (964 మీ.)కు వెళ్లే చోట చూడొచ్చు. మధ్యలో మిక్కిల్‌డోర్ కనుమ. అక్కణ్నుంచి బ్రాడ్ స్టాండ్ మీదుగా తిన్నగా ఎక్కడమే చౌక అని లెక్క చెబుతుంది. అది రాతిగోడ, తడిస్తే జారుడు, ప్రమాదాలకు పేరుమోసిన చోటు. తాడు కట్టి సిద్ధంగా ఉంచే సహాయకులు లేనివాళ్లు లార్డ్స్ రేక్ దారి గానీ ఫాక్సెస్ టార్న్ దారి గానీ పట్టుకుని, కనుమ నుంచి కాస్త దిగి మళ్లీ ఎక్కుతారు. నిటారుగా ఎక్కినా ఏటవాలుగా ఎక్కినా ఈ సూత్రానికి ఒకటే ఖర్చు, దానికి వాలు అన్నదే కనబడదు. బ్రాకెన్ అనే ఫెర్న్ పొదలూ దానికి కనబడవు. జులైలో సాండర్స్ మారథాన్ (రెండురోజుల కొండ పరుగు పోటీ) నాటికి నడుమెత్తు, అలాంటిదే మరో పోటీ ఓఎమ్ఎమ్ జరిగే అక్టోబర్ చివరికి ఎండి నేలకు వాలి ఉంటాయి. ఒకే దారి, రెండు ధరలు.

మూడు అన్న అంకె కూడా అందరిదీ కాదు. గంటకు 800 మీటర్లు ఎక్కుతూ, చదునులో కిలోమీటరుకు ఏడు నిమిషాలు తీసుకునేవాళ్లకు గీత ఎక్కడానికి దాదాపు 67 సెకన్లు, మిల్లీమీటరు పరిగెత్తడానికి దాదాపు 17. అంటే గీతకు నాలుగు మి.మీ. గంటకు వెయ్యి మీటర్లు ఎక్కగలిగి, చదునులో తొమ్మిది నిమిషాలు పట్టేవాళ్లకు రెండున్నరే. సంచీ బరువుతో, రెండోరోజు కాళ్లతో నాకు నాలుగు సరిగ్గా ఉంటుంది. మొదటిరోజు పొద్దున మూడు. మీ గడియారంలోని పాత పరుగుల నుంచి మీ రెండు వేగాలు తీసుకుని ఇంట్లోనే తేల్చుకోండి, కొండమీద కాదు.

కొనసాగిస్తానా అంటే, జీపీఎస్‌తో దారి చూసుకోనివ్వని పోటీలకు వెళ్తున్నంతకాలం, అవును. గుంపు మధ్యలో పరిగెత్తే నాకు రెండు మూడు నిమిషాలు పెద్ద విషయం కాదు, పిచ్చి ఎక్కుడొకటి తప్పితే చాలు. ముందువరుసలో ఉండేవాళ్లకు ఇది మరీ మొద్దు పనిముట్టు అనిపించొచ్చు. కంపాస్‌కంటే బాటనే నమ్మేవాళ్లకు, మార్కులు పెట్టిన ట్రైల్ రేసులకు దీని అవసరమే లేదు. మన దగ్గర కొండల్లో వాడాలనుకుంటే సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్‌లో 20 మీటర్ల కాంటూర్లున్న చోట గీతకు 3.2 మి.మీ. వస్తుంది, 40 మీటర్ల కాంటూర్లున్న హిమాలయ షీట్లలో 6.4. ముందు షీటు అంచున అచ్చువేసిన కాంటూర్ తేడా చూసుకోండి.