తెల్ల పువ్వుకు రంగు లేదు: ‘పికూ’ చూశాక

బైరాగిపట్టెడలో మా ఇంటి మేడ మీద ఆదివారాలు పిల్లలకు డ్రాయింగ్ నేర్పిస్తాను. పోయిన వారం ‘పికూ’ అని ఒక బెంగాలీ టీవీ సినిమా చూశాను. 26 నిమిషాలే. అప్పటినుంచి స్కెచ్ పెన్నుల ప్యాకెట్ తెరిచినప్పుడల్లా ఆ పిల్లాడే గుర్తొస్తున్నాడు.

1980లో సత్యజిత్ రాయ్ ఫ్రెంచ్ టెలివిజన్ కోసం తీసింది ఇది. కథ కూడా ఆయనదే, ‘పికూర్ డైరీ’. కథంతా పిల్లాడు రాసుకున్న డైరీ కాబట్టి వాడి కంటికి కనిపించినంతే మనకు తెలుస్తుంది. సినిమాలో అలా కాదు, వాడు లేని గదిలోకి కూడా కెమెరా వెళ్తుంది. నాకు ఈ మార్పు బాగా నచ్చింది. మనకు తెలిసింది వాడికి తెలియదన్న టెన్షన్ చివరిదాకా వదలదు.

కలకత్తాలో పెద్ద ఇల్లు. నాన్న ఆఫీసుకు వెళ్తాడు. తాతయ్య గుండెజబ్బుతో మంచాన పడి ఉంటాడు. అమ్మకు దగ్గరివాడైన హితేష్ వస్తూ పికూకు రంగు పెన్నులు, బొమ్మలేసుకునే పుస్తకం తెస్తాడు. తోటలో పూలన్నీ వేసుకుని రమ్మని అమ్మ వాణ్ణి బయటికి పంపిస్తుంది. వాడు సంబరంగా పరిగెత్తుతుంటే నాకు కడుపులో తిప్పినట్టయింది.

ఒక్కో పువ్వు దగ్గర నిలబడి రంగు వెతుక్కుంటాడు. తెల్ల పువ్వు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాడు. పెన్నుల్లో తెలుపు లేదు. తెల్ల రంగు లేదమ్మా, నల్లరంగుతో వేస్తున్నా అని ఇంటి వైపు తిరిగి గట్టిగా అరుస్తాడు.

ఈ ప్రశ్న నా క్లాసులో ఎన్నిసార్లు విన్నానో. ‘మిస్, మల్లెపువ్వుకు ఏ రంగు వెయ్యాలి?’ అంటారు. ‘పువ్వును అలాగే వదిలెయ్ నాన్నా, చుట్టూ ఆకులకు పచ్చ వెయ్, మల్లె అదే బయటికొస్తుంది’ అంటాను. మన శ్రీకాళహస్తి కలంకారీలో కూడా అంతే కదా. బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన నల్లరంగుతో గీత గీస్తారు, తెలుపు కావాల్సిన చోట బట్టను ముట్టుకోరు. అంటే పికూ నల్ల పెన్ను తీసుకోవడం తప్పేం కాదు. ఆ మాట వాడి పక్కన కూర్చుని చెప్పేవాళ్ళే లేరు. కాసేపటికి ఒక చినుకు సరిగ్గా బొమ్మ మీద పడి రంగు చెదిరిపోతుంది. స్కెచ్ పెన్ను రంగు నీళ్ళకు ఎలా పాకుతుందో, అప్పుడు పిల్లల ముఖం ఎలా అవుతుందో నాకు తెలుసు. అక్కడ ఆపేసి కాసేపు వంటింట్లోకి వెళ్ళొచ్చాను.

రాయ్ శాంతినికేతన్ కళాభవన్‌లో బొమ్మలు నేర్చుకున్నారు, అడ్వర్టైజింగ్ కంపెనీలో ఆర్టిస్టుగా పనిచేశారు, ‘సందేశ్’ అనే పిల్లల పత్రికకు బొమ్మలు వేశారు. పెన్ను పట్టినవాడికి తప్ప ఈ సీను తట్టదు.

పికూగా వేసిన అర్జున్ గుహ ఠాకుర్తా ఎక్కడా నటించినట్టు లేడు. అమ్మగా అపర్ణా సేన్ మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆమె ముఖంలోనే అంత అలసట ఉంది. విక్టర్ బెనర్జీ వేసిన హితేష్ పాత్ర మాత్రం నాకు చాల్లేదు. ఇంత మంచి నటుడికి ఇంకో రెండు సీన్లు ఉండాల్సింది.

నేను చూసిన కాపీలో సబ్‌టైటిల్స్ తెల్ల అక్షరాలు, వెనక తెల్ల గోడలు. నాలుగైదు మాటలు చదవలేకపోయాను, రెండోసారి చూస్తేగానీ అర్థం కాలేదు.

తాతయ్య గది గురించి, చివర్లో వరండా గురించి ఇక్కడ రాయను, మీరే చూడండి. పిల్లలున్నప్పుడు పెట్టకండి, వాళ్ళు పడుకున్నాక చూడండి. వీలైతే ఫోన్‌లో వద్దు, టీవీకి కనెక్ట్ చేసుకోండి. చిన్న స్క్రీన్ మీద ఆ చినుకు సరిగ్గా కనిపించదు.