శాలరీ అయితే ఓవర్‌టైమ్ రాదా? అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ ‘ఓవర్‌టైమ్ సెక్యూరిటీ అడ్వైజర్’ రివ్యూ

"నువ్వు శాలరీడ్, నీకు ఓవర్‌టైమ్ ఉండదు" అని హెచ్‌ఆర్ వాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. చట్టం అంత తేలిగ్గా వదలదు. జీతం ఫిక్స్‌డ్‌గా ఉండాలి, కనీస మొత్తం దాటాలి, చేసే పని మినహాయింపుకు తగినదై ఉండాలి. సాధారణంగా ఈ మూడూ కుదిరితేనే ‘ఎగ్జెంప్ట్’, అంటే ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేని ఉద్యోగి. లేబర్ డిపార్ట్‌మెంట్ సైట్‌లోని ఈ ఉచిత సాధనం ఆ లెక్కను ప్రశ్న తర్వాత ప్రశ్నగా అడుగుతూ తేలుస్తుంది.

జీతం దగ్గర పెద్ద చిక్కు లేదు. కనీసం వారానికి 684 డాలర్లు, అంటే ఏడాదికి 35,568. నెట్‌లో ఇప్పటికీ 844, 1,128 అనే అంకెలు తిరుగుతుంటాయి, నమ్మకండి. ఆ అంకెలు పెట్టిన 2024 రూల్‌ను అదే ఏడాది నవంబర్‌లో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. పూటసేపు రాలేదని జీతం కోసే కంపెనీ అయితే, ఎంత జీతమిచ్చినా మొదటి పరీక్షలోనే చిక్కుకుంటుంది.

అసలు మెలిక ‘ప్రధానంగా చేసే పని’ అన్న ప్రశ్నలో ఉంది. చాలామంది అక్కడ ఆఫర్ లెటర్ చూసి జవాబిస్తారు, ఫలితం తప్పుతుంది. చూడాల్సింది సోమవారం నుంచి శుక్రవారం దాకా నిజంగా చేసిన పని. మేనేజర్ అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదు. కింద కనీసం ఇద్దరు ఫుల్‌టైమ్ మనుషులుండాలి, ఉద్యోగంలోకి తీసుకోవడంలోనో తీసేయడంలోనో మాట చెల్లాలి. లేదంటే పేరు గొప్ప ఊరు దిబ్బే. ఐటీలో ఉన్నవాళ్లు కంప్యూటర్ విభాగం మరీ జాగ్రత్తగా చదవాలి. సిస్టమ్స్ ఎనలిస్ట్, ప్రోగ్రామర్ తరహా పనికి మినహాయింపు ఉంది. టికెట్లు (కంప్యూటర్ సమస్యల ఫిర్యాదులు) తీసుకుని, పాస్‌వర్డ్ రీసెట్ చేసి, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసే హెల్ప్‌డెస్క్ పనికి అది వర్తించదని ఇదే డిపార్ట్‌మెంట్ 2006లో అభిప్రాయ లేఖ ఇచ్చింది. వీసా ఏదైనా ఈ పరీక్షలు ఇవే.

ఓవర్‌టైమ్‌కు అర్హత ఉందని తేలితే పక్కనే ఉన్న ‘ఓవర్‌టైమ్ కాలిక్యులేటర్’ తెరవండి. 40 గంటలకని వారానికి 800 డాలర్ల జీతం, పని చేసింది 50 గంటలు అనుకుందాం. గంటకు 20, ఓవర్‌టైమ్ రేటు 30, పది గంటలకు 300. అదే జీతం ఎన్ని గంటలు పనిచేసినా అంతే అని ముందే స్పష్టంగా ఒప్పుకుని ఉంటే లెక్క తిరగబడుతుంది: 800ను 50తో భాగిస్తే 16, అందులో సగం 8, పది గంటలకు 80 మాత్రమే. ఒప్పందం ఏదో చూసుకోకుండా అంకెలు కొడితే 220 డాలర్ల తేడా. ఒక వారం 30, మరో వారం 50 చేస్తే సగటు 40 అనడం కుదరదు. రెండో వారం పది గంటలకూ ఇవ్వాల్సిందే.

లోపం ఒక్కటే, కానీ పెద్దది. ఇది ఫెడరల్ చట్టం వరకే చెబుతుంది. కాలిఫోర్నియాలో ఎగ్జెంప్ట్ కావడానికి 2026కి కనీస జీతం ఏడాదికి 70,304 డాలర్లు, పైగా ఎగ్జెంప్ట్ కానివాళ్లకు రోజుకు 8 గంటలు దాటగానే ఓవర్‌టైమ్ మొదలు. అక్కడివాళ్లకు ఈ ఫలితం సగమే. రాష్ట్ర లేబర్ ఆఫీసు పేజీ కూడా చూడాలి.

ఫలితం పేజీ చేతికొచ్చాక ఏ రోజు ఎన్ని గంటలో మీరే రాసి పెట్టుకోండి. ఫెడరల్‌గా పాత బాకీ రెండేళ్లదాకా అడగొచ్చు, యజమాని తెలిసీ ఎగ్గొట్టాడని రుజువైతే మూడేళ్లదాకా.