శరణార్థి ఆరోగ్యానికి ఏది మేలు: సొంతవాళ్ల పక్కన ఉండటమా, ఊరివాళ్లతో కలవడమా?

1990ల మొదట్లో భూటాన్ వెళ్లగొట్టిన, నేపాలీ మాట్లాడే భూటాన్ కుటుంబాలు తూర్పు నేపాల్ శిబిరాల్లో పదిహేనేళ్లకు పైగా గడిపాయి. తర్వాత లక్షమందికి పైగా ఇతర దేశాల్లో స్థిరపడ్డారు. అందులో ఎక్కువమంది అమెరికాకే వెళ్లారు. అక్కడ శరణార్థులను కుదురుకునేలా చూసే ఏజెన్సీలు ఏ ఊళ్లో దింపినా, చాలామంది సొంతంగా సామాను సర్దుకుని చుట్టాలున్న కొలంబస్‌కో పిట్స్‌బర్గ్‌కో చేరుకున్నారు.

ఆరోగ్యం వరకు చూస్తే, వాళ్లు చేసింది సరైన పనే అంటాను. ఇంగ్లీషు రాని, కారు నడపలేని ముసలాయన అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటే నడక కూడా ఉండదు. నేపాలీ మాట్లాడే తోడు దొరికితే పార్కుకు వెళ్తాడు, పంచుకున్న మడిలో ఆవాకు, ముల్లంగి వేస్తాడు. దక్షిణ భూటాన్‌లో వీళ్లలో చాలామంది రైతులే కదా, ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు. 2009-2012 మధ్య అమెరికాలో వీళ్ల ఆత్మహత్యల రేటు ఏడాదికి లక్షమందిలో 20.3గా తేలింది, దేశ సగటు 12.4. అప్పట్లో బయటపడిన కష్టాల్లో భాష రాకపోవడం, కుటుంబానికి దూరం కావడం ముఖ్యమైనవి. నలుగురు మనవాళ్లు పక్కనుండటం ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అలాగని చుట్టరికం అంతా మందే అనుకోవద్దు. షుగర్ ఉన్నావిడ ఏ ఇంటికెళ్లినా తియ్యటి టీ ఇస్తారు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. తెల్లన్నం మారు వడ్డిస్తారు. ఖైనీ, ఇంట్లో కాచిన రక్సీ అనే సారా కూడా స్నేహితుల చేతి నుంచే వస్తాయి.

ఊరివాళ్లతో, అంటే కేస్‌వర్కర్ (ఏజెన్సీ తరఫున కుటుంబాల అవసరాలు చూసే ఉద్యోగి), వాలంటీరు, పక్కింటి అమెరికన్‌తో పరిచయం వేరే రకం. బస్సెక్కడం, అపాయింట్‌మెంట్ తీసుకోవడం వాళ్లే నేర్పుతారు. కానీ ఏజెన్సీ తొలి సాయం 90 రోజుల్లోపే ముగిసేది. కరపత్రం ఇచ్చి వెళ్లినవాళ్ల మాటకు వంటింట్లో ఎంత విలువుంటుంది!

అయినా వాళ్లు లేకుండా కుదరని చోటు ఒకటుంది. శిబిరం రేషన్‌లో మాంసం, గుడ్లు, పాలు దాదాపు లేక చాలామందిలో విటమిన్ బీ12 తగ్గిపోయింది. అందరికీ ఒకే తిండి, ఒకే నీరసం, ఇక ఎవరికి అనుమానం వస్తుంది? రక్తపరీక్షలు చేశాకే తెలిసింది, 2011లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ వివరాలు ప్రచురించింది.

అందుకే డబ్బు తక్కువున్న ఏజెన్సీ మరో కరపత్రం వేయించే బదులు, ఆ వీధిలోనే ఉండే నేపాలీ మాట్లాడే ఆవిడ ఒకరికి శిక్షణ, జీతం ఇచ్చి క్లినిక్‌కూ ఇళ్లకూ మధ్య తిప్పితే మేలు. టీలో చక్కెర తగ్గించమని ఆవిడ చెబితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.